జీపు కింద మరక

జీపు కింద మళ్లీ మరక.

రేవతి వంగి చూసింది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోటు నుంచి నల్లటి చుక్క ఒకటి జారి, షెడ్డు మట్టిలో పడింది.

"లోపల సీలు పోయినట్టుందమ్మా. గేర్‌బాక్సు దింపాల. వారం పట్టీగలదు," అన్నాడు మెకానిక్ దాసు.

రేవతికి ఉసూరుమంది. నాన్న పోయాక ఆ పాత డీజిల్ జీపు స్టీరింగు తనే పట్టుకుంది. చోడవరంలో బెల్లం దిమ్మలనో, చెరుకు కూలీలనో ఎక్కించుకుని తిరుగుతోంది. ఈమధ్య ఆ మరక చూసి జనం ఎక్కడానికి జంకుతున్నారు. తుక్కుకిచ్చేయమని మొగుడు ఉమామహేష్ రోజూ పోరు.

చెరుకు తోటలో ట్రాక్టరు ఆగిపోయిందని ఎవరో పిలిస్తే దాసు అటు వెళ్లాడు.

"సుక్క పడ్డ సోటే సిల్లనుకోకమ్మా."

రేవతి తిరిగి చూసింది. బల్ల మీద ఓ ముసలాయన. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో గొడుగు.

"నువ్వెవరు తాతా?"

"బస్సు కోసం కూకున్నాను. నూనె పైనెక్కడో పుడతాది, జారిజారి కిందకొచ్చి సుక్కవుతాది. ఇంజనంతా డీజిలు గుడ్డతో తుడువు. ఎనకాల మరీ బాగా తుడువు. అటేపు ఎవళూ తుడవరు."

పోయేదేముందని రేవతి తుడిచింది.

"ఇప్పుడు మొహానికి రాసుకునే పౌడరు డబ్బా ఒకటి తే."

"ఇంజనుకి సింగారమేటి తాతా!"

"తే, సెప్తాను."

పక్క కొట్లోంచి తెచ్చింది. ఇంజను వెనకంతా చల్లించాడు. నల్లటి ఇనుము పెళ్లికూతురి చెంపలా తెల్లబడింది.

"స్టార్టు సేసి ఒగ్గీ. ఎక్కడ తడుస్తాదో నువ్వే సూసి సెప్పు."

బల్ల మీంచి కదలకుండా పని చేయిస్తున్నాడు. రేవతికి ఒళ్లు మండింది. అయినా బానెట్ కింద తల దూర్చి చూస్తూ నిలబడింది.

ఆయన ఊరుకోలేదు.

"కొండెక్కుతావా అమ్మా?"

"ఎక్కుతాను."

"వానలో?"

"బురదంటే బండికి భయం గానీ నాకేటి భయం?"

"అర్ధరాత్రి ఎవులైనా పిలిస్తే మొగుడొప్పుకుంటాడా?"

"మొగుణ్ణి అడగను తాతా. డీజిలుంటే సాలు."

ముసలాయన పకపకా నవ్వాడు.

అప్పుడే కనిపించింది. ఇంజను నెత్తి మీది టాపెట్ కవరు వెనక మూల నుంచి తెల్లటి పౌడరులో సన్నటి నల్ల గీత దిగుతోంది.

"తాతా! పైనుంచే! కవరు కాడినుంచే!"

"అద్గదీ! ప్యాకింగు ఎండిపోయింటాది. గేర్‌బాక్సు జోలికెల్లక్కర్లేదు."

కొత్త ప్యాకింగు తెచ్చి వేసింది. "ఒకే పక్క బిగించీకు. ఇటో బోల్టు, అటో బోల్టు," అని ఆయన చెబుతుంటే చెప్పినట్టే బిగించింది. అయ్యాక ఆయన తడుముకుంటూ వచ్చి, కవరు అంచు వెంట వేళ్లు ఒకసారి మెల్లగా నడిపించాడు. దూడ వీపు నిమిరినట్టు.

"నీ ఫోన్ నంబరు సెప్పమ్మా."

రేవతి అనుమానంగా చూసింది. ముక్కూమొహం తెలియని మనిషి! మొహమాటపడి చివరికి చెప్పింది. ఆయన పెదాల మధ్యే దాన్ని మళ్లీమళ్లీ వల్లె వేసుకుంటూ బస్సు ఎక్కాడు.

బస్సు కదిలాక రేవతి స్పేనర్ల పెట్టె తెరిచి చూసుకుంది.

అన్నీ ఉన్నాయి.

మర్నాడు జీపు కింద మట్టి పొడిగా ఉంది. దాసు నెత్తి గోక్కుని, "నా గేర్‌బాక్సు బేరం పోగొట్టేడు గదమ్మా ఆ తాత," అని నవ్వాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, వాన కురుస్తున్న ఓ ఉదయం ఫోన్ మోగింది.

"రేవతమ్మేనా? దేవరాపల్లి అవతల కొండ మీంచి, సిన్నమ్మిని. నా కోడలు నొప్పులు పడతంది. ఈ వానకి ఇంకే బండీ ఎక్కదంతన్నారు. బేగి రా తల్లీ!"

ఎవరు, ఏమిటని రేవతి అడగలేదు. జీపు తీసింది.

కొండదారి కాలువలా పారుతోంది. చక్రాలు జారాయి, రాళ్లు తన్నాయి. ఇంజను మాత్రం ఎక్కడా గొణగలేదు. వెనక సీట్లో ఆ పిల్ల మూలుగుతుంటే, "ఇంకాసేపేనమ్మా, ఇంకాసేపే," అంటూ దించుకొచ్చింది. ఆస్పత్రిలో చేర్చిన కాసేపటికే లోపల్నుంచి పసిగుడ్డు ఏడుపు వినిపించింది.

చిన్నమ్మి వరండాలో రేవతి చేతులు పట్టుకుని ఏడ్చింది, నవ్వింది.

"అవునూ, నా నంబరు మీకెవరిచ్చేరు?"

"శాంతిరాజు తాత. ఇస్త్రీ సొక్కా, గొడుగూ..."

"ఆయనా! ఎక్కడున్నాడు? ఒక్కసారి కలవాల."

"లేడమ్మా. కూతురొచ్చి రాయగడ తీసుకుపోయింది."

"ఆయనకేటి, జీపులు బాగుసేసే పనా?"

చిన్నమ్మి వింతగా చూసింది.

"పనేటమ్మా! నా కొడుకు పుట్టినప్పుడూ నన్ను దింపింది ఆయన జీపే. మా కొండకి ఎప్పుడూ ఆయనే దిక్కు. సూపు మసకబారిపోయి, ఎదర గొయ్యుందో బండుందో తెలీక బండి అమ్మీసేడు. మమ్మల్నెవులికి అప్పగించాలా అని సంత సంతా, షెడ్డు షెడ్డూ తిరిగేడు. సోడవరం నుంచొచ్చిన రోజు, 'బండి దొరికిందా తాతా?' అనడిగితే, 'బండిదేటే, బాగుసేసుకోవచ్చు, మీకు డ్రైవరమ్మ దొరికింది' అని కొండంతా వినబడేలా కేకేసి సెప్పేడు."