నలభై లక్షల కాపలా

మొదటి దెబ్బకే జంపయ్య మోచెయ్యి విరిగింది. ఆ చప్పుడు కంచె బయట నిలబడ్డ అనిల్‌కుమార్‌కు కూడా వినబడింది.

"మిషన్ మీద చెయ్యేస్తవారా?" అంటూ రాందాస్ మళ్లీ కర్ర ఎత్తాడు.

గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న తునికిరేవుకు ఆ వరద యంత్రమంటే ప్రాణం. నాలుగేళ్ల కిందటి వరదలో రాందాస్, ద్వాలి దంపతుల కూతురు కొట్టుకుపోయింది. అప్పట్లో నీటిమట్టం చూసే పని జంపయ్యది. అడుగుల గీతలున్న రాయి దగ్గర నిలబడి, నీళ్లు ఎంత పెరిగాయో చూసి, ఇంటింటికీ తిరిగి అరిచేవాడు. ఆ రోజు కూడా అరిచాడు. ముసలోడికి చాదస్తమని ఎవరూ కదల్లేదు. తర్వాత సర్కారు నిద్రలేచి, నాలుగు సున్నపు గీతలు చేసే పనికి నలభై లక్షలు తగలేసి యంత్రం తెచ్చింది. పాత రాయి పక్కనే దాన్ని నిలబెట్టి, రెండింటి చుట్టూ ఇనుప కంచె కట్టి, జంపయ్యను ఇక ఇంట్లో కూర్చోమంది. అప్పటినుంచి వానాకాలంలో రెండు గంటలకోసారి రీడింగ్ ఊళ్లో అందరి ఫోన్లకూ వస్తుంది. మనిషి గొంతు చించుకున్నా కదలని ఊరు, ఫోన్ మోగితే మూటాముల్లె సర్దుకోవడం నేర్చుకుంది. ఏం చేస్తాం, మన జనం అంతే.

ఈ పొద్దున ఎనిమిది దాటగానే జంపయ్య కంచె లోపల దొరికిపోయాడు. మొలతాడుకు కట్టుకున్న కంచె తాళంచెవి కూడా దొరికింది. పని పోయిన కక్షతో యంత్రాన్ని చెడగొట్టడానికి వచ్చాడని ఊరు అక్కడికక్కడే తేల్చేసింది.

ద్వాలి జనాన్ని తోసుకుంటూ వచ్చి, చేతిలోని రాయితో అతని నోటి మీద కొట్టింది. రెండు పళ్లు ఊడి బురదలో పడ్డాయి.

"అప్పుడు మిషన్ ఉంటే నా బిడ్డ బతికేది," అంటూ మళ్లీ కొట్టింది. ఆమె ఏడుస్తూనే కొడుతోంది. జంపయ్య జేబులోంచి జారిన ఫోన్ ఎవరి కాలి కిందో చితికిపోయింది.

అనిల్ ఆ యంత్రం పెట్టిన కంపెనీలో మెకానిక్. వారానికోసారి ఖమ్మం నుంచి బండి మీద వచ్చి చూసి పోతాడు. గుండె చిక్కబట్టుకుని లోపలికి వెళ్లి, యంత్రానికి ఏమీ కాలేదని, ముసలాయన్ను వదిలేయమని బతిమాలాడు. అందరి ఫోన్లకూ వచ్చిన ఎనిమిది గంటల రీడింగే తన ఫోన్‌లోనూ తెరిచి చూపించాడు. ముప్పై తొమ్మిది అడుగులు.

"మరి తాళంచెవి వీనికెట్ల వచ్చింది? నువ్వే ఇచ్చినవా?" రాందాస్ కర్ర అనిల్ వైపు తిరిగింది. జనం కూడా తిరిగారు.

జంపయ్య రక్తం కారుతున్న ముఖం ఎత్తి అనిల్‌ను చూశాడు. నోరు మాత్రం మెదపలేదు. అనిల్‌కు ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో, కిరాయి ఇంట్లో ఏడో నెల కడుపుతో ఉన్న భార్య పద్మప్రియ గుర్తుకొచ్చింది.

"నాకు తెల్వదు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో జంపయ్య పని అయిపోయింది. కిందపడేసి పక్కటెముకల మీద తన్నారు. జుట్టు పట్టుకుని తలను కంచె స్తంభానికేసి బాదారు. చేతులు నొప్పి పుట్టాక గానీ ఆగలేదు. అప్పటికి జంపయ్య కదలడం లేదు. ఇంకా ఊపిరాడుతోందని ఎవరో అంటే ఆటోలో పడేసి భద్రాచలం దవాఖానాకు పంపారు. అనిల్ తన మీద తనకే అసహ్యం పుట్టి, గట్టు మీద కూలబడ్డాడు.

రాందాస్ కంచెకు కొత్త తాళం వేసి, కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. యంత్రం దక్కిందన్న ధైర్యంతో ఊరు పొయ్యిలు ముట్టించుకుంది. పైన ఎక్కడో వాన గట్టిగా పడ్డట్టుంది, నది ఎర్రగా మారి మొదలంటా పెకలించిన చెట్లను మోసుకొస్తోంది. నీళ్లు కంచె అడుగును తాకాయి.

ఇక ఊరిని ఖాళీ చేయిస్తే మంచిదని అనిల్ మెల్లగా అన్నాడు.

రాందాస్ ఫోన్ తీసి చూసుకున్నాడు. "భయమేం లేదు సార్. పెరిగితే మిషన్ చెప్పదా?"

పదింపావు అవుతుండగా అనిల్ ఫోన్ మోగింది. భద్రాచలం నుంచి కంపెనీ మేనేజర్ వెంకటరామారావు. అనిల్ లేచి, రాందాస్‌కు వినబడనంత దూరం నడిచి ఫోన్ ఎత్తాడు.

"పది గంటల రీడింగ్ జంపయ్య ఇంకా పంపలేదేంది?"