ఆయిల్ కారుతోంది

"అన్నా, ఆయిల్ కారుతోంది! బండి ఆపు!"

మోటారు సైకిలు మీద పక్కనే వస్తూ ఒకతను అరిచాడు.

బేలీరామ్ పికప్ ఆపలేదు. సోలన్ పళ్ల మార్కెట్టుకి వెళ్లే ఈ కొండదారిలో ఆ మాట అనేదెవరో యాపిల్ రైతులందరికీ తెలుసు. డ్రైవరు దిగి, వంగి చూసే లోపల సీట్లో ఉన్నదంతా మాయమవుతుంది.

"ఆపకండి," అంది భార్య విమ్లా, చేతిసంచి ఒళ్లోకి లాక్కుంటూ. కిటికీ పక్కన ఆమె తల్లి కునుకు తీస్తోంది.

"అద్దంలో చూడన్నా! నీలం పొగ!"

పొగ నిజమే. పొద్దున్నుంచి ఇంజను ఈల వేస్తూనే ఉంది. తర్వాతి మలుపులో ఎత్తు ఎక్కలేక బండి నీరసించిపోయింది. ఆపక తప్పలేదు.

బేలీరామ్ వీల్ స్పానర్ పట్టుకుని దిగాడు. వెనకే విమ్లా.

మోటారు సైకిలతనూ ఆగి దగ్గరికొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. బానెట్ ఎత్తించి, రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల వేలు పెట్టాడు. వేలు నల్లగా తడిసి వచ్చింది.

"టర్బో పోయింది, ఇంజనుకి గాలి నెట్టే ఫ్యాను. దాని చక్రం చూడు, ఎలా ఊగుతోందో. ఇంజనాయిల్ లోపలికి పోతోంది. ఇక స్టార్ట్ చెయ్యకు."

"చేస్తే?"

"ఆ ఆయిలే తాగి రెచ్చిపోతుంది. తాళం తీసినా ఆగదు."

"తాళం తీస్తే ఆగని ఇంజను ఇంతవరకూ చూళ్లేదు. కథలు చెప్పకు."

"నా మాట విను. ఇంకో బండికి కట్టి లాగించుకుపో."

"ఎవరి బండికి? నీవాళ్లదేనా?"

అతను వేలు గుడ్డకి తుడుచుకున్నాడు.

"మెకానిక్‌వా?"

"ఒకప్పుడు."

"మరి ఇప్పుడో?"



విమ్లా ఫోను తీసింది. అతనికి వినపడాలనే గట్టిగా మాట్లాడింది.

"పోలీస్ చౌకీయేనా? ఆయిల్ కారుతోందని బళ్లు ఆపేవాడు దొరికాడు. గుమ్మా ఊరికి పైన, రెండో మలుపు. తొందరగా రండి!"

అతని మొహం పాలిపోయింది.

"స్టార్ట్ మాత్రం చెయ్యకన్నా," అంటూ మోటారు సైకిలు వైపు గబగబా నడిచాడు.

"పోలీసులనగానే ఎలా జారుకుంటున్నాడో చూడు!" బేలీరామ్ నవ్వాడు. "ఆ ఆయిల్ కూడా వీడే పూసుంటాడు."

ఎక్కి తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండానే హోరెత్తింది. బేలీరామ్ తాళం తీసేశాడు. ఆగలేదు. తాళం చేతిలోనే ఉంది, బండి మాత్రం ఊగిపోతోంది. దారంతా పొగ కమ్మేసింది. బేలీరామ్ బయటికి దూకాడు.

"అమ్మ! అమ్మ లోపలే ఉంది!" విమ్లా కేక పెట్టింది.

మోకాళ్లు వంగని ముసలావిడ తలుపు పట్టుకుంది కానీ దిగలేకపోతోంది.

పొగలోంచి అతను పరుగెత్తుకొచ్చాడు. సీటు మీదున్న రొట్టెల డబ్బా స్టీలు మూత లాక్కుని, గొట్టం ఊడదీసిన చోట అదిమి పట్టాడు. ముంజెయ్యి వేడి ఇనుముకి తగిలి చుర్రుమంది. మూత వదల్లేదు.

గాలి అందని ఇంజను గింజుకుంది. ఇంకా గింజుకుంది. ఆగింది.

అతను ముసలావిడను రెండు చేతులతో ఎత్తి దింపాడు. అప్పుడు చూశారు, అతని ముంజేతి చర్మం ఊడి వేలాడుతోంది.

విమ్లా ఏడుస్తూ నీళ్లు పోసింది. "తప్పు పట్టకు అన్నయ్యా. నిన్ను దొంగవనుకున్నాం."

అతను తల వంచుకున్నాడు.

ఇంతలో పోలీసు జీపు వచ్చింది. బేలీరామ్ ఎదురెళ్లి చేతులు జోడించాడు.

"పొరపాటైంది సార్. ఈయన దొంగ కాదు. మా అత్తను బతికించాడు."

ఎస్సై బేలీరామ్‌ని దాటుకుని వెళ్లాడు.

"భూప్‌సింగ్! ఈ దారి మీద ఎన్ని బళ్లు దోచారురా నువ్వూ నీవాళ్లూ! మూడేళ్ల నుంచి వెతుకుతున్నాం. మేం వస్తున్నామని తెలుసు, బైకుంది. పారిపోలేకపోయావా?"

"లోపల పెద్దావిడ ఉంది సార్," అంటూ ఆ ముఠా నాయకుడు కాలని చేతిని ముందుగా బేడీలకి చాచాడు.