తొర్రూరు టెంటులో 'గాలి కార్డు'

రిక్షా మైకులో "గాలి కార్డు" అని అరిస్తే తొర్రూరు చెవిలో "ఖాళీ కార్డు" అని పడింది. ఖాళీ రేషన్ కార్డుల మీద ఏదో పంచుతారని ఆడవాళ్లు కిరోసిన్ డబ్బాలతో సినిమా టెంటు ముందు వరుస కట్టారు. ఎలాగూ వచ్చాం కదా అని టికెట్ కొని కూర్చున్నారు.

అంతే. పట్నంలో వారం తిరక్కుండా గాలి పోయి ఎత్తేసిన సినిమా, ఇక్కడ ఊపిరాడనంత జనంతో ఆడుతోంది. వరంగల్ కాలేజీ కుర్రాళ్లు బస్సులెక్కి వస్తున్నారు, చూసినవాళ్లే మళ్లీ మళ్లీ.

బెంచీ చివర సత్యం కూర్చున్నాడు, కూర్చుని కాలుతున్నాడు. అతనూ సినిమా తీసినవాడే. మొదటిదీ చివరిదీ ఒకటే. ఇంకోటి తీయాలంటే మిర్చి వ్యాపారి కైలాసం సేటు కరగాలి. ఆ సేటేమో ముందు కుర్చీలో కళ్లొత్తుకుంటున్నాడు.

తెరమీద గాలిని రేషన్‌లో తూచి ఇచ్చే కాలం. వరుసలో ఉన్నవాడు తన వంతు రాకుండానే ఊపిరాగి పడిపోయాడు.

ఇంటర్వెల్.

"ఇగ సూడు తమ్మీ," అంది పక్కనున్న సాలమ్మ. "గా సచ్చినోడే ఇప్పుడు కొత్త కార్డు పట్టుకొని బ్యాండుతోని నవ్వుకుంట వస్తడు. నాకు ఏడుపాగది. ఎనుకటిది ముందు వెట్టిండు, ఏం దిమాగో."

"గదేం దిమాగక్కా? ముందు బ్యాండుండాలె, ఎనుక సావుండాలె."

"నువ్వు తీసుంటే గట్లనే తీద్దువు. ఈగలు తోలుకుంట కూసుందువు."

సత్యం పళ్లు కొరికాడు. ఆ ఉపాయం తనకెందుకు తట్టలేదు?

సేటు లేచాడు. "గిట్ల తిరగేసి తీసిన మొనగాడు యాడున్నా తోల్కరాండ్రి. రెండో సినిమాకు పైసలు నావి."

"ఎవని తెలివిరా గిది?" సత్యం ఆగలేక అరిచాడు.

మిషన్ ఆడించే పెద్దులు బిత్తరపోయి మైకందుకున్నాడు. "తెలివేంది సారూ? సినిమా రీళ్ల పెట్టె ఒక్కటి, టెంట్లు రెండు. ఫస్టు సగం కొడకండ్ల టెంటుల నడుస్తాంది. అయినంక మోటర్‌సైకిల్ మీద మనకొస్తది. ఖాళీగ ఎందుకుండాలని రెండో సగం ముందు ఏస్తున్న. తీసినాయన పేరు గూడ ఇప్పుడే పడుతది. మీరంత రోజూ చాయకు పోతరు, సూడరు."

ఆవేళ ఎవరూ చాయకు పోలేదు. మోటర్‌సైకిల్ వచ్చింది. దీపాలు ఆరాయి.

బ్యాండుమేళం మధ్య తెరమీద పడ్డ దర్శకుడి పేరు, సాలమ్మ పక్కన పళ్లు కొరుకుతున్న సత్యానిది.