తియర్మ చదివే తప్పులు

పాస్టరుగారు కొత్త బైబిలు తియర్మ తండ్రి మంచం పక్కన పెట్టారు. “ఇది తేలిక అనువాదం, తియర్మా. ఆ పాత బటాక్ భాష బైబిలు చదవడం నీ వల్ల కావడం లేదు. రోజూ తప్పులేనట, బాలిగె ఊరంతా నవ్వుతోంది.”

“నాకు పాతదే కావాలండీ.”

“చర్చి పిల్లలకు లూథరు మతబోధ ప్రశ్నోత్తరాలు బెత్తం పట్టి నేర్పిన మాష్టారి కూతురివేనా నువ్వు?”

ఆమె మంచంమీది తండ్రి చెవి దగ్గరికి వంగింది. “యోనాను గేదె మింగెను.”

“గేదె ఏమిటమ్మా, పెద్ద చేప కదా!”

“కొత్తదైతే నేను తప్పు చదివినా నాన్నకు తెలీదండీ. పాతది కంఠతా వచ్చు. పక్షవాతం వచ్చాక మాటలన్నీ పోయాయి. తప్పు చదివితే మాత్రం ‘మొద్దూ, మళ్లీ చదువు’ అనేవాడు. మూడు రోజులుగా అదీ లేదు.”

ఆమె మళ్లీ వంగింది. “యోనాను కోడి మింగెను. తిట్టు నాన్నా, ఒక్కసారి తిట్టు.”