చీమల థీసిస్

"ఐదింటిలోపల ఆ సంతకం తేకపోతే ఇంటికి రాకండి" అంది భార్య.

లెక్చరర్ థీసిస్ కట్టను స్కూటర్ వెనక తాడేసి బిగించాడు. ఆ బరువుకి స్కూటర్ ముందు చక్రం జానెడెత్తు పైకి లేచిందని వీధిలో చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఆవిడ కోపంలోనూ న్యాయముంది. ఏడేళ్లు! ఈ ఏడేళ్లలో ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు పుట్టారు, పాకారు, నడిచారు, బడికి పోయి ఎక్కాలు వల్లిస్తున్నారు. థీసిస్ ఒక్కటే ఇంకా పాకుతూ ఉంది.

ఆ రోజే ఆఖరి గడువు. సాయంత్రం ఐదులోగా థీసిస్ యూనివర్సిటీ ఆఫీసులో పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఒక్క డాక్టరేట్ అయినా ఒడ్డున పడుతున్నట్టు రసీదు చూపిస్తే తప్ప ప్రమోషన్ ఇంటర్వ్యూకి గుమ్మం తొక్కనివ్వరు. ఈసారి తప్పితే మళ్లీ ఆ ఖాళీ ఎప్పుడొస్తుందో, అప్పటికి తలమీద జుట్టుంటుందో లేదో.

లెక్చరర్ వెళ్లేసరికి సంతకం పెట్టాల్సిన పెద్దాయన ఇంట్లో పడుకుని ఉన్నాడు. మూడు దాటింది.

"లేపితే ఊరుకోరు నాయనా. కూర్చో, టీ ఇస్తా" అంది పెద్దాయన భార్య.

"వద్దు పిన్నిగారూ. ఇవాళ గొంతు దిగదు."

పెద్దాయన చాలా పెద్దమనిషి. మాట్లాడాలంటే భయం, మాట్లాడకపోతే పని కాదు. వరస కలిపితేనైనా కరుగుతాడేమోనని లెక్చరర్ మూడో ఏటి నుంచి 'బాబాయిగారూ' అనడం మొదలెట్టాడు. బాబాయిగారు కరగలేదు. పైగా బాబాయి అయ్యాడు గనక పనులు చెప్పడం మొదలెట్టాడు. కుళాయి బాగుచేయించాడు. కళ్లజోడు రిపేరుకి పంపాడు. కుక్కకి సూది వేయించుకు రమ్మన్నాడు. కుక్క కరిచింది. సూది ఇద్దరికీ పడింది.

చీమల మీద పరిశోధన అన్నది కూడా పెద్దాయన ఆలోచనే. "ఎక్కడికీ తిరగక్కర్లేదు. మా వంటింట్లోనే బోలెడు" అన్నాడు. ఆ వంటింట్లో బోర్లా పడుకుని చీమల్ని లెక్కపెట్టింది లెక్చరర్. రాసింది అతనే. టైపు చేయించింది అతనే. అచ్చుతప్పులు దిద్దింది అతనే. రెండేళ్లపాటు అతనికి బజార్లో మనుషులు కూడా ఆరేసి కాళ్లతో, వరసలో పోతున్నట్టు కనిపించేవారు. ఒకనాడు ఎదురొచ్చిన ప్రిన్సిపాల్‌ని లెక్కపెట్టి నంబరు కూడా వేశాడట.

నాలుగు కొట్టాక పెద్దాయన లేచాడు.

"మళ్లీ వచ్చావా?"

"ఒక్క సంతకం బాబాయిగారూ. ఇదిగో, ఇక్కడ. ఇది కాపీ కొట్టింది కాదు అని రాసుంది చూడండి, దాని కింద."

"చదవకుండా సంతకం ఎలా పెడతానయ్యా? నా పేరుకి మచ్చ రాదూ?"

"మొత్తం చదివితే నాలుగు రోజులు పడుతుందండీ. గడువు గంట కూడా లేదు."

"మొదటి రెండు అధ్యాయాలు చూశాలే. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ మూడోదయితే మరీ... చీమకు చదివి వినిపించినా ఒప్పుకోదు."

లెక్చరర్‌కి కళ్ల ముందు చీమలు తిరిగాయి. కాళ్లు పట్టుకుందామని వంగితే కుక్క గుర్రుమంది. ఉన్నచోటనే చేతులు జోడించాడు.

పెద్దాయన తాపీగా పేజీలు తిప్పి కృతజ్ఞతల దగ్గర ఆగాడు.

"మా ఆవిడ పేరేదీ?"

"పొరపాటైందండీ." జేబులో పెన్ను తీసి చేర్చాడు.

"కుక్క?"

దాన్నీ చేర్చాడు. నాలుగున్నర.

"రేపు వైవాలో ఎవరైనా పట్టుకుని అడిగితే?"

"నేను పక్కనే ఉంటాగా. మీదాకా రానిస్తానా?"

"ఏమో నాయనా, నీ ధైర్యమేంటో. ఇంకో వారం ఆగి పెడదాం."

లెక్చరర్ నేలమీద కూలబడ్డాడు. ఇద్దరు పిల్లల తండ్రి, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడేళ్లండీ బాబాయిగారూ" అన్నాడు.

వంటింట్లోంచి గిన్నె గట్టిగా కిందపెట్టిన చప్పుడు. "ఆ పిల్లాణ్ణి ఏడిపించి ఏం బావుకుంటారు? పెట్టండి ముందు!" అంది ఇల్లాలు.

పెద్దాయనకు లోకంలో భయమున్నది ఆ గొంతుకే. సంతకం పడింది.

ఆ తర్వాత ఆ స్కూటర్ నేలను తాకుతూ వెళ్లిందని నేను చెప్పలేను. ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ నోట్లో పెట్టుకునేలోపు రెండు వీధులు దాటింది. ఆఫీసు మెట్ల మీద ఒక చెప్పు పోయింది. వెనక్కి తిరగలేదు. గుమాస్తా కౌంటర్ తలుపు సగం దించేశాడు. లెక్చరర్ ఆ సందులోంచి ముందు థీసిస్‌ని తోసి, తర్వాత తల దూర్చాడు.

"ఇంకా మూడు నిమిషాలుంది!" అని అరిచాడు.

గుమాస్తా నిట్టూర్చి తలుపెత్తాడు. వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు.

"ఇంకో సంతకం లేదే?"

మళ్లీ ఆ గుమ్మానికి పోయి రావాలంటే రెక్కలు కూడా చాలవు. లెక్చరర్ ఒంటి చెప్పుతో అలాగే కౌంటర్‌ని పట్టుకు నిలబడ్డాడు.

"అంత కంగారెందుకు మాస్టారూ, మీ స్టూడెంట్‌గారు ఆయన చోట ఆయన పెట్టేశారుగా" అంటూ గుమాస్తా తన పెన్ను అందించాడు. "ఇక్కడ పెట్టాల్సింది గైడు, మీరే!"