చూడని కత్తికి ఒర

"ఒర కావాలె. దాన్ని కట్టుకోను నడుం పట్టీ గూడ," అన్నాడు భీమయ్య.

దూలయ్య భద్రాచలం బస్టాండు పక్కన చెప్పులు కుడతాడు. భీమయ్యది గోదావరి ఒడ్డున గూడెం. అక్కడ వేల్పు కత్తి మోసేది అతనే. వచ్చే బుధవారం జాతర.

"పాత ఒర ఏమైంది?"

"వానాకాలం వరదల పోయింది."

"కత్తి తెచ్చినవా?"

భీమయ్య జేబులోంచి దారం తీశాడు. రెండు ముళ్లు. ఒకటి పొడవుకు, ఒకటి వెడల్పుకు.

"గిదే కొలత. ఒర కుట్టేటోడు కత్తిని చూడొద్దు. మీ నాయనకెరుకే."

"మా నాయనకు పాత ఒరన్న ఇచ్చిండ్రు గదనే. దారం చూసి నేను చెప్పు గూడ కుట్టలేను."

భీమయ్య నవ్వలేదు. "గట్టిగ పట్టాలె. పూనకంల ఎంత ఎగిరినా జారొద్దు. ఒర దాటి బయటికొస్తే ఊరికి కీడు."

కీడు జరిగితే ముందు ఎవరిని అడుగుతారో దూలయ్యకు తెలుసు.

దారం కొలతకు వేప చెక్కను కత్తిలా చెక్కాడు. బయటికి లాగడానికి పైన జానెడు పిడి వదిలాడు. పిడి కొసకు చిల్లు వేసి తాడు కట్టాడు. దున్నపోతు తోలు నానబెట్టి చెక్కకు చుట్టాడు. ఆరెతో పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టాడు.

"చూడని పిల్లకు రవిక కుట్టినట్టుంది," అంది భార్య యశోద.

"నవ్వకే. వదులైతే జారుతది. బిగువైతే కుట్టు తెగుతది. ఎట్లైనా నా పీకకే."

ఒర ఇస్తానన్న రోజుకు రెండు రోజులు ముందే భీమయ్య వచ్చాడు. తోలు ఇంకా తడిగా ఉంది.

"ఎల్లుండిదాక చెక్క తియ్యకు. ఆరినంక తాడు పట్టి లాగు, వస్తది. కత్తి దించి చూడు. కుదరకుంటే జల్దీ పట్టుకరా, విప్పి కుడత."

"కుదురుతది," అన్నాడు భీమయ్య.

మళ్లీ రాలేదు. దూలయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

బుధవారం ఆటో ఎక్కి గూడెం వెళ్లాడు. డోళ్లు మోగుతున్నాయి. భీమయ్య నడుముకు ఒర వేలాడుతోంది. పిడికి పసుపు బట్ట చుట్టి ఉంది. పూనకంలో అతను మూడుసార్లు ఎగిరాడు. ఏదీ జారలేదు. కుట్టు తెగలేదు. జనం వరసగా వచ్చి ఒరకు నుదురు ఆనిస్తున్నారు.

దూలయ్యకు వారం తర్వాత ఊపిరి ఆడింది. తనూ వరసలో నిలబడ్డాడు. వంతు రాగానే వంగాడు.

భీమయ్య చేయి గబుక్కున పిడి మీదికి వచ్చింది.

అప్పటికే పసుపు బట్ట కొస జారిపోయింది. దాని కింద, వేప చెక్కకు తాడు కోసం తాను వేసిన చిల్లు కనిపించింది. దూలయ్యకు వానాకాలం వరద గుర్తొచ్చింది.