ఎడమ కాడ

“ఇవి మా ఆయనవేనని చెప్పు ఇలారియో అన్నా. ఆ ఒక్క మాట చాలు.”

నీవెస్ బల్ల మీద పెట్టిన చలవ కళ్ళద్దాలకి ఎర్రటి బురద అంటుకుని ఉంది. ఇలారియో చేతిలోని పట్టకారుని ఏప్రన్ జేబులో వేసుకుని, ముందుకు వంగి చూశాడు. బంగారు పూత ఫ్రేము. ఇటలీలోని ఈ కదోరె కొండల్లో నలభై ఏళ్ళుగా అతను చేస్తున్న పని అదే. ఫ్రేములు అతకడం, అమ్మడం, వాటిని సరిగ్గా వాడుకోవడం చేతకాని వాళ్ళని తిట్టడం.

నీవెస్ వెనక రోమెదియో నిలబడ్డాడు. కొండల్లో తప్పిపోయినవాళ్ళని వెతికే దళానికి పెద్ద. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నీవెస్ భర్త ఎజిదియో కనిపించకుండా పోయి కూడా సరిగ్గా మూడు రోజులు.

“ఎక్కడ దొరికాయి?” అన్నాడు ఇలారియో.

“వాల్ నేరా లోయ మొదట్లో” అంది నీవెస్. “పొద్దున నేనే వెళ్ళాను. మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నాను, ఆయన అటే వెళ్ళుంటాడని. వింటేగా వీళ్ళు!”

“అమ్మా, కారు దొరికింది ఇటుపక్క. ఫోను ఆఖరిసారి పలికింది ఇటుపక్క. ఆ లోయ మీదుగా రెండుసార్లు హెలికాప్టర్లో తిరిగాం. కొత్త మంచు తప్ప ఏమీ లేదు. లోపలికి దిగాలంటే తాడు మీద దిగాలి. పైనుంచి రాళ్ళు పడుతుంటాయి. నీ మనసు చెప్పిందని నా కుర్రాళ్ళని అందులోకి ఎలా దింపను?” అన్నాడు రోమెదియో. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

“ఇదిగో, ఇప్పుడు ఆధారం ఉందిగా!”

“ఈ రకం ఊళ్ళో ఎనిమిది మంది కొన్నారు. మీ తమ్ముడు ఫౌస్తోకీ ఉన్నాయి. ఎవరివి పడిపోయాయో నాకేం తెలుసు? అందుకే ఇక్కడికి తెచ్చాను. ఐదింటికి పొగమంచు దిగుతుంది. ఒక్కసారి ఎగరగలను, అంతే. ఇవి అతనివైతే వాల్ నేరాలో దిగుతాం. కాకపోతే ఇవాళ్టితో గాలింపు ఆపేయమని పైనుంచి ఉత్తర్వు.”

నీవెస్ బల్ల అంచు పట్టుకుంది. నిద్రలేని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

ఇలారియో కళ్ళద్దాలు అందుకున్నాడు. చెవుల మీద ఆనే రెండు కాడల్నీ బొటనవేలితో మెల్లగా తడిమాడు. ముక్కు మీద ఆనే బిళ్ళల్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

“చిలుము పట్టలేదే! ఈసారి బాగానే చూసుకున్నాడు” అన్నాడు ఆశ్చర్యంగా.

“నువ్వు తిట్టాక మారాడన్నా” అంది నీవెస్ గబగబా.

తిట్టిన మాట నిజమే. నాలుగు వందల యూరోలు పోసి కొన్న వస్తువుని చొక్కా కొసతో తుడుస్తుంటే చూడలేక, ఈస్టరు నాడు కాఫీ కొట్లో అందరి ముందూ ఎజిదియోని కడిగేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎజిదియో మాత్రం ఆ ఒక్క జతనీ విడిచి ఉండడు. గుడిలో కూడా తియ్యడని ఫాదరీ గొణుగుతుంటాడు.

“ఊరికే చూస్తే ఎవరివో చెప్పలేం. పరీక్ష ఒకటుంది” అన్నాడు ఇలారియో. “ఎజిదియోకి ఎడమ చెవి కిందికి ఉంటుంది. కొన్ననాడే ఎడమ కాడని కిందికి వంచి ఇచ్చాను. గాజుపలక మీద పెడితే కుంటిబల్లలా ఊగాలి. మిగతా ఏడు జతలూ కదలకుండా కూర్చుంటాయి.”

నీవెస్ ముఖం పాలిపోయింది.

“పరీక్షలెందుకన్నా? చేత్తో పట్టుకున్నావుగా, చెప్పలేవూ?” అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. “ఆయన అక్కడే ఉన్నాడన్నా. బతికే ఉన్నాడు.”

“ఏడవకు. నేను అబద్ధం చెప్పను, పలక ఏది చెబితే అదే చెబుతాను. మీ ఆయన మీద నాకు అంత ప్రేమేం లేదు.”

“కానియ్యి మరి, టైము పోతోంది” అన్నాడు రోమెదియో.

“బురదతో పెడితే సరిగ్గా ఆనదయ్యా. కడిగి తెస్తానుండు.”

వెనక గదిలో కుళాయి చప్పుడు వినిపించింది. నీవెస్ గోడ మీది గడియారాన్నే చూస్తూ పెదాలు కదుపుతోంది. ప్రార్థనో, తిట్టో తెలియదు. రోమెదియో ఆమె వైపు చూడలేక బయటికి చూస్తున్నాడు.

ఇలారియో మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. కాడలు తెరిచి, కళ్ళద్దాల్ని గాజుపలక మీద పెట్టి, చూపుడువేలితో తట్టాడు.

టక్. టక్. టక్.

“ఎజిదియోవే” అన్నాడు.

రోమెదియో కూడా ఒకసారి తట్టి చూసుకున్నాడు. కళ్ళద్దాల్ని కవరులో వేసి జేబులో పెట్టుకుని పరిగెత్తాడు. నీవెస్ అక్కడే నేల మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరుమంది. ఇలారియో ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. రెండో చెయ్యి ఏప్రన్ జేబులోని పట్టకారు మీదే ఉంది.

ఐదింటికి ఇంకా పది నిమిషాలుందనగా హెలికాప్టరు బడి మైదానంలో దిగింది. ఊరంతా అక్కడే ఉంది.

“బతికున్నాడు!” ఎవరో అరిచారు. “కాలు విరిగిందంతే! వాల్ నేరాలో, బండ కింద!”

నీవెస్ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. ఇలారియో అడుగు ముందుకు వెయ్యలేక గుంపు చివరే ఉండిపోయాడు. రోమెదియో స్ట్రెచర్ని అతని ముందు ఆపించాడు. జేబులోంచి కవరు తీసి అతని అరచేతిలో పెట్టాడు. ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసి, పక్కకి తప్పుకున్నాడు.

ఎజిదియో ముఖాన చిలుము పట్టిన అతని సొంత కళ్ళద్దాలు ఉన్నాయి.